అత్తగారి నడికట్టు

ఆ రోజు ఉదయం ఐదూ నలభైకి మా అత్తగారు నా నడుము చుట్టూ గుడ్డ బిగించి, కొసను లోపలికి దోపారు. రెండేళ్లుగా రోజూ ఆ వేళకు జరిగే పనే. ఆ రోజు మాత్రం దాన్ని విప్పబోయేది కాకినాడలో ఒక సర్జన్.

నేను కొత్తపేటలో హైస్కూలు టీచరుని. నలభై దాటాక షుగరు వచ్చిందని తెలిసి, అన్నం తగ్గించి, కాలవగట్టు మీద నడిచి యాభై కిలోలకు పైగా తగ్గాను. ఒళ్లు తగ్గింది గాని చర్మం తగ్గలేదు. పొట్ట మీది చర్మం మడతపడి తొడల మీదికి వేలాడేది. మా ఉక్కపోతకు ఆ మడత కింద చెమట పట్టి, ఒరుసుకుని మంట పుట్టేది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే బరువు కిందికి లాగేది. నేను తగ్గిన సంగతి ఊరంతా చూసింది. మిగిలినదాన్ని అత్తగారొక్కరే చూశారు.

బాలింతలకు నడికట్టు కట్టడం ఆవిడకు బాగా తెలుసు. నాకూ అదే కట్టారు. చనిపోయిన మామగారి నేత పంచెలు నిలువునా చీల్చి, ఉతికి, ఎండబెట్టి ఉంచేవారు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మడత ఎత్తి తుడిచి, తడి పూర్తిగా ఆరేదాకా విసనకర్రతో విసిరి, మధ్యలో పొడిగుడ్డ పరిచి, అప్పుడు చుట్టేవారు.

"ఊపిరి బిగబట్టకమ్మాయ్. బళ్లో పిల్లల మీద అరవడానికి కావద్దూ?" అనేవారు.

రెండో ఏడు ఆవిడ వేళ్లు కొంకర్లు పోసాగాయి. కట్టు మధ్యాహ్నానికే జారిపోయేది. తన తరవాత నాకు ఎవరు కడతారన్నదే ఆవిడ బెంగ. వేలాడే చర్మాన్ని ఆపరేషన్ చేసి తీసేస్తారని నేను ఒకసారి చెప్పిన మాట ఆవిడ మరిచిపోలేదు. "నా చేతులాడుతుండగానే చేయించేసుకో" అన్నారు.

"తగ్గింది చాలదా? ఈ వయసులో ఈ సోకేంటి?" అన్నారు మావారు.

"సోకేంట్రా? అయితే రేపట్నించి తెల్లారగట్ల లేచి నువ్వు కట్టు. ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు" అన్నారావిడ.

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

కాకినాడలో సర్జన్ గుడ్డ విప్పి, మడత ఎత్తి, లైటు దగ్గరికి లాక్కుని చూశారు.

"ఇంత వేలాడుతోంది, కింద ఒక్క పుండూ లేదేంటండీ? ఎవరు కట్టేరిది?"

"నేనేనండి, ఆయ్" అన్నారు అత్తగారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఆయన ఇద్దరు నర్సులను పిలిచి, ఆ గుడ్డ మళ్లీ కట్టి వాళ్లకు చూపించమని ఆవిడను అడిగారు. ఆవిడ వంకర వేళ్లతోనే కట్టి చూపించారు. ఆ తరవాత ఆవిడ అడిగింది ఒకటే.

"కోసిన చర్మం ఎంతుంటుందండీ?"

"మూడు కిలోల పైనే ఉండొచ్చండి."

"అయితే పురిటిబిడ్డంత" అన్నారు.

ఆ మాట నవ్వులాటకు అన్నారనుకున్నాను. కాదు. ఆపరేషన్ అయ్యాక తుంటి నుంచి తుంటి దాకా కుట్లతో, నడుం వంచుకుని నడుస్తూ ఇంటికి వస్తే, నాకు బాలింత పథ్యం సిద్ధంగా ఉంది. పప్పు లేదు. బీరకాయ, వెల్లుల్లి కారం, మిరియాల చారు. పదో రోజు చూపించుకోవడానికి వెళ్తే, గాయం మానాలంటే పప్పులూ పాలూ బాగా తినాలన్నారు డాక్టరు. ఆ రాత్రి నా కంచంలో అన్నం కంటే పప్పే ఎక్కువ ఉంది.

"తప్పు నాదేలే. తిను. నాకు తెలిసిన కోత కాన్పొక్కటే" అన్నారు.

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన బెల్టును ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, బిగువు బాగానే ఉందిగాని చెమట పీల్చదని తేల్చారు. డాక్టరును అడిగి, దాని కింద పంచె ముక్క పరిచారు. ఆరు వారాల తరవాత బెల్టు కూడా తీసేయమన్నారు డాక్టరు. ఆ ఉదయం లోపల ఏ కట్టూ లేకుండా చీర కట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడ నా నడుము మీద చెయ్యి వేసి చూసి, వీధి గుమ్మంలోకి వెళ్లి, పక్కింటావిడను కేకేశారు.

"మా కోడల్ని చూద్దురుగాని రండి! ఏ ఆధారం లేకుండా నిలబడింది."

గర్వం దోషమని నేను చాలా పుస్తకాల్లో చదివాను, పిల్లలకూ చెప్పాను. ఆ రోజు మాత్రం మేమిద్దరం గర్వపడ్డాం. ఆ మచ్చను ఇప్పటికీ గర్వంగానే చూసుకుంటాను.

మరుసటి ఏడు ఆవిడ మంచం పట్టారు. నాలుగు నెలలు. వీపు తుడిచి, తడి ఆరేదాకా విసిరి, మామగారి పంచెలే పరిచాను. పోయే రోజు వరకూ ఆవిడ ఒంటి మీద ఒక్క పుండూ పడలేదు.

మిగిలిన పంచె ముక్కలు ఉతికి బీరువాలో పెట్టాను. ఐదూ నలభైకి మెలకువ వస్తూనే ఉంది. మా ఇంట్లో ఇప్పుడెవరూ నడికట్టు కట్టరు.