జెరోమ్ హీరో ఎంట్రీలో బంతి లేదు

ఒక కుర్రాడి కాలేజీ సీటును మూడు నిమిషాల వీడియోతో నిండా ముంచబోయిన మహానుభావుణ్ణి నేనే. ఆ ఘనకార్యంలో ఇంకెవరికీ వాటా లేదు.

అప్పట్లో న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఉండేవాణ్ణి. మనవాళ్ల పెళ్లిళ్లకు నాలుగు వీడియోలు తీసి, పెద్ద డైరెక్టర్నని ఊరంతా ఊదరగొట్టేవాణ్ణి. మా పక్క ఫ్లాట్‌లో బహామాస్ నుంచి వచ్చిన జెరోమ్, వాళ్లమ్మ ఉండేవారు. జెరోమ్ ఆరేళ్లప్పుడు అమ్మమ్మ పెరట్లో కొబ్బరిచెట్టుకు కొట్టిన బాస్కెట్‌బాల్ రింగులో బంతి వేయడం మొదలుపెట్టాడట. పదిహేడేళ్లొచ్చినా, ఇక్కడి చలిలో, వానలో, వేస్తూనే ఉన్నాడు. అతని గురించి విన్న ఒక అమెరికా కాలేజీ కోచ్, "ఒక్క స్కాలర్‌షిప్ సీటుంది. శుక్రవారంలోగా ఆట వీడియో పంపు" అన్నాడు. స్కాలర్‌షిప్ రాకపోతే వాళ్లమ్మ నర్సు జీతంతో ఆ చదువు అయ్యే పని కాదు.

"బ్రో, నువ్వు చేసిపెడతావా?" అన్నాడు జెరోమ్.

"నాకొదిలెయ్!" అన్నాను. అక్కడే నా చెంప పగలగొట్టాల్సింది ఎవరైనా.

నా బుర్రకు తెలిసింది మన సినిమాల్లో హీరో ఎంట్రీ ఒక్కటే. ముందు బూట్లు. తర్వాత సాంబ్రాణి పొగ. పరిగెత్తే ఆరేళ్ల జెరోమ్ పాత వీడియో వాళ్లమ్మనడిగి తీసుకుని, ఆ బుల్లి కాళ్లు పెద్ద కాళ్లయిపోయేలా అతికించాను. అన్నీ స్లో మోషనే.

నా ఫ్లాట్‌మేట్ సురేశ్‌ది కరీంనగర్. చూసి బుర్ర గోక్కున్నాడు.

"అరే, బాల్ రింగుల పడ్డది ఏడుందిరా?"

"హీరో ఎగిరాడు, జనం చప్పట్లు కొట్టారు. పడ్డట్టే కదరా!"

"ఆ కోచ్‌కు మన సినిమాలు ఎర్కనా?"

"కళకు భాష ఉండదురా," అన్నాను. ఎంత పొగరో చూశారా!

"నా షాట్లేవి బ్రో?" అన్నాడు జెరోమ్.

"బిల్డప్ కుదరాలంటే కొన్ని త్యాగం చేయాలి."

పాపం, నమ్మాడు. శుక్రవారం పొద్దున్నే పంపేశాం. శనివారం జవాబొచ్చింది: "నడక బాగుంది. బాస్కెట్‌బాల్ కూడా ఆడతాడా?"

 జెరోమ్ బంతి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

డ్యూటీ నుంచి వచ్చిన వాళ్లమ్మ సంగతి విని, "నా ఫోన్‌లో మొన్నటి మ్యాచ్ మొత్తం ఉంది. పంపనా?" అంది.

ఆ వీడియోలో సగం తెర ఆవిడ బొటనవేలే. మిగతా సగంలో కొడుకు బంతి మీద బంతి రింగులో వేస్తున్నాడు. పొగ లేదు, స్లో మోషన్ లేదు. కోచ్ ఆ రోజే సీటిచ్చేశాడు.

సాగనంపడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. ఫోటో కోసం జెరోమ్ ఫోన్ తీశాడు. నేను ఠీవిగా చెయ్యి చాచాను.

"నువ్వొద్దు బ్రో," అని ఫోన్ సురేశ్ చేతిలో పెట్టాడు.

అందుచేత ఆ ఎయిర్‌పోర్టు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ ఏ ఆటగాడి బూట్ల జోలికీ పోను. తెరంతా నా బొటనవేలే నిండినా సరే, బంతి రింగులో పడేదాకా కెమెరా ఆపను.