మా బావ మూలుగుల కచేరీ

బస్సు మలుపు తిరుగుతుండగా వెనక సీట్లోంచి ఓ మూలుగు వినిపించింది. తల తిప్పకుండానే, "బావా, నువ్వేనా?" అన్నాను.

ఒంటె లేచేటప్పుడు మూలుగుతుంది. పాత ఓడ లంగరెత్తేటప్పుడు మూలుగుతుంది. దేశాలు పట్టుకు తిరిగినవాణ్ణి, రెండూ విన్నాను. పట్టాళంలో సుబేదారుగా చేస్తున్న మా మేనత్త కొడుకు ముందు అవి దిగదుడుపే. బూట్లు తొడిగితే "అబ్బా", విప్పితే "అమ్మా". పెళ్లినాడు ఆ ధాటి విని మా అక్క, "ఈయన తెల్లారేదాకా ఉంటారా?" అని అమ్మని అడిగింది. ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు.

బావ పక్కన, పట్టాళంలో ఆయన లారీ నడిపే డ్రైవరు కర్రలా బిగుసుకు కూచున్నాడు.

"ఇద్దరికీ వచ్చే నెల రిటైర్మెంటు. ఇవాళ ఆస్పత్రిలో ఆఖరి పరీక్ష," అన్నాడు బావ. "ఉన్న నొప్పి ఇప్పుడు రాయించుకుంటేనే వైకల్యం పింఛను. బయటికెళ్లాక మొత్తుకుంటే వినే నాథుడుండడు."

"నాకేం లేదు సార్," అన్నాడు డ్రైవరు. అంతలో బస్సు గతుకులో పడితే పళ్లు బిగబట్టాడు.

బావ నా చెవిలో గొణిగాడు: "లారీ బోల్తా పడ్డప్పుడు నడుం పోయింది. పొద్దున్నే సాక్సులు తొడిగేది వీడి పెళ్లాం. అడిగితే మాత్రం ఇదే పాట. నలుగురూ నవ్వుతారని!"

నాకూ వేరే పనేముంది? వెంట వెళ్లాను.

ఆస్పత్రి వరండా నిండా ఛాతీలు విరుచుకున్న జవాన్లు. డాక్టరు గదికి తెర ఒక్కటే అడ్డం, లోపలి మాట బయటికి వినిపిస్తుంది. ఒక్కొక్కడూ వెళ్లి "బాగున్నా సార్" అని వచ్చేస్తున్నాడు.

బావ బెంచీ మీద కూలబడి కచేరీ మొదలెట్టాడు. "అబ్బా నా మెడ! అయ్యో నా మోకాలు! చెవిలో రైలు కూస్తోందిరా నాయనా!"

"సుబేదారు గారూ, ఏ అవయవమైనా మిగిలిందా?" అన్నాడొకడు.

"నాలుకుంది కదురా, మూలగడానికి!"

వరండా గొల్లుమంది. నవ్వుతూ నవ్వుతూ ఒకడు, "కూతంటే నాకూ ఉంది సార్, ఎడమ చెవిలో," అన్నాడు. ఇంకొకడు మోకాలు నిమురుకున్నాడు. కాసేపటికి వరండా అంతా సంతలా మూలుగుతోంది.

"నా నడుం మీ మోకాలంత కాదులెండి," అన్నాడు డ్రైవరు నేల చూస్తూ.

"ఉన్నంత చెప్పరా. నాకు తోడుంటావు."

డ్రైవర్ని పిలిచారు. బావ మూలుగు ఠక్కున ఆగింది. తెర వెనక కుర్చీ కిర్రుమంది. తరవాత, "నడుం సార్. లారీ పడ్డప్పట్నించీ. వంగలేను. సాక్సులు కూడా మా ఆవిడే..."

బావ కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు.

తరవాత ఆయన వంతు.

"బాధలేమిటండీ?"

"ఏమీ లేవండి."

"మరి ఇందాకటి ఆ కేకలు?"

"అలవాటండి."

బయటికి రాగానే నిలదీశాను. "పెళ్లినాటి నుంచీ ఒక్క నొప్పీ లేదా నీకు?"

"మొదట్లో ఉత్త గారాబమేనోయ్. పట్టాళంలో చేరాక తెలిసింది, పైవాడు మూలిగితేనే కిందివాడికి నోరొస్తుందని."

డ్రైవరు బెంచీ మీంచి లేచాడు. ఈసారి బిగుసుకోలేదు. నడుం పట్టుకుని, కుంటుతూ, అందరూ చూస్తుండగా నడిచాడు. ఎవరూ నవ్వలేదు. బావ వెళ్లి అతని సంచీ అందుకుని, భుజం ఆసరా ఇచ్చాడు.

"బావా, నేనిక్కడున్నాను!" అని కేకేశాను.

"మెల్లిగా రా, తొందరేం లేదు," అన్నాడు. నాతో కాదు. ఇద్దరూ ఒక్కో మెట్టే దిగి, గేటు దాటి వెళ్లిపోయారు.