ఆరు దేశాలకు ఒకటే ఎక్స్‌రే

కంఠేశ్వర్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో నేను ఎక్స్‌రేలు తీస్తాను. కాలు విరిగినవాళ్లు, నడుము నొప్పివాళ్లు వస్తారు కానీ, ఎక్కువమంది ఏ నొప్పీ లేనివాళ్లే. మోర్తాడ్, ఆర్మూర్, బోధన్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయే మగవాళ్లు. అసలు మెడికల్ పరీక్ష హైదరాబాద్‌లో అవుతుంది. అక్కడ అన్‌ఫిట్ అని తేలితే ఆ మాట కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. గల్ఫ్‌లోని ఆరు దేశాలూ ఆ లెక్క కలిసే చూసుకుంటాయి. ఒకరు వద్దన్న మనిషిని మిగతా ఐదుగురూ వద్దంటారు. అందుకని మనవాళ్లు ముందు మా దగ్గర ఒక ఫిల్మ్ తీయించుకుని, ఛాతీ శుభ్రంగా ఉందని తెలిశాకే హైదరాబాద్ బస్సెక్కుతారు.

చొక్కా విప్పించి, గడ్డం బోర్డుకు ఆనించమని, "గాలి గుంజు, పట్టు" అంటాను. పట్టిన గాలిని నేను చెప్పేదాకా వదలరు. వదలమనడం మరిచిపోతే అట్లాగే నిలబడి ఉంటారు. ఈ పనిలో చేరిన కొత్తలో ముఖాలు గుర్తుండేవి. తర్వాత తర్వాత పక్కటెముకలు మాత్రమే చూడడం అలవాటైంది.

మా అన్న ఎక్స్‌రే కూడా నేనే తీశాను.

మా ఊరు రుద్రూర్ దగ్గర. మా బాపు చెరుకు బండి తోలేవాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నష్టాల్లో పడ్డాక చుట్టుపక్కల చెరుకు తగ్గి, ఆ పొలాల్లోకి వరి వచ్చింది. బండి కొట్టంలోనే ఉండిపోయింది. బాపు పోయాక అన్న గల్ఫ్‌కు వెళ్లాడు. బిల్డింగులకు ఇనుప రాడ్లు వంచి కట్టే పని. రెండేళ్లకోసారి వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా కొంచెం నల్లబడి, కొంచెం తక్కువ మాట్లాడేవాడు. అన్న బిడ్డ పుట్టింది కూడా ఆయన అక్కడ ఉన్నప్పుడే.

రెండేళ్ల కింద ఎండాకాలంలో కంపెనీ పని అయిపోయి అందరినీ పంపించేశారు. అన్నకు దిగులేమీ లేదు. గల్ఫ్‌లోనే పక్క దేశంలో తెలిసినాయన ఫోర్‌మన్ పని మాట్లాడి పెట్టాడు. రాడ్లు మోసేది ఉండదు, మోసేవాళ్లను చూసుకోవాలి, అంతే. మెడికల్ ఒక్కటే మిగిలింది.

ఆ రోజు వరుసలో నిలబడే వచ్చాడు. చెల్లెలు పని చేసే చోటని ముందుకు రాలేదు. లోపలికి వచ్చాక చొక్కా మడతపెట్టి కుర్చీ మీద పెట్టాడు. వాళ్లు ఉండే లేబర్ క్యాంపులో అట్లా అలవాటట. గాలి పట్టమన్నాను. పట్టాడు.

కంప్యూటర్ మీద బొమ్మ వచ్చింది. కుడి పక్కన, మెడ ఎముక కింద తెల్లగా ఒక మచ్చ ఉంది. అట్లాంటివి చాలా చూశాను. అది టీబీదని డాక్టర్ చెప్పక్కర్లేదు.

"అయిందా?" అన్నాడు అన్న.

"ఇంకోటి తీస్త."

"కదిలిన్నా?"

"లేదు. మల్ల గాలి గుంజు."

రెండోదాంట్లో కూడా అక్కడే ఉంది. బయట వరుసలో ఎంతమంది ఉన్నారో గాజు తలుపులోంచి చూశాను. తర్వాత అన్నను స్క్రీన్ దగ్గరికి పిలిచి వేలితో చూపించాను.

"నీకు ఎప్పుడన్న దగ్గు వచ్చిందా అన్నా? చాన రోజులు?"

ఆయన ఆ మచ్చను చూస్తూ చొక్కా వేసుకున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాక చెప్పాడు. "రెండేండ్ల కింద వచ్చింది. క్యాంపుల చెప్తె తోలిచ్చేస్తరు. చెప్పలే. నా పక్క మంచమాయన కేరళాయన. వాళ్ల ఊరికెల్లి గోలీలు తెప్పిచ్చిండు. ఆర్నెల్లు దాసుకోని మింగిన. తక్కువైంది."

"మాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏం జేస్తురు?"

మా డాక్టర్ కూడా ఫిల్మ్ చూసి అదే అన్నాడు. ఇది మానిపోయిన మచ్చ, మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు, ఎవరికీ అంటుకోదు, రేపటి నుంచి బస్తాలు మోయమన్నా మోస్తాడు. కానీ గల్ఫ్‌వాళ్లు మచ్చను కూడా ఒప్పుకోరు.

"ఇది పోతదా సార్?" అని అడిగాడు అన్న.

"పోదు. గాయం మానినంక మచ్చ ఉంటది గదా, గట్లనే."

హైదరాబాద్ పోవద్దని నేను చెప్పాను. పోతే పేరు ఎక్కిపోతుంది. పోకపోతే కనీసం కాగితాల మీద ఏమీ ఉండదు. వీసా ఏజెంటు ఫోన్ చేసి, ఫిల్మ్‌కు ఇంకొకరిని నిలబెడదామా అని కూడా అడిగాడట. అన్న ఒప్పుకోలేదు. "అక్కడ దిగినంక మల్ల తీస్తరు. గప్పుడెవన్ని నిలబెట్టాలె?" అన్నాడట. రెండు రోజులు ఆలోచించి, తెల్లవారి బస్సుకు ఆయనే వెళ్లాడు. ఎందుకు వెళ్లావని తర్వాత అడిగితే, వాళ్లు చెప్తే వినాలనిపించింది అన్నాడు. సాయంత్రానికి వాళ్లు కూడా అన్‌ఫిట్ అని చెప్పేశారు.

వదిన నాకు ఫోన్ చేసింది. "మీ అన్న ఇగ పోడట గదా?" అంది. ఆ గొంతులో సంతోషం ఉందో బాధ ఉందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసి ఉండదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆయనతో కలిసి ఉన్న రోజులన్నీ కూడితే రెండు పంటల కాలమైనా అవుతుందో లేదో.

ఆదివారాలు చర్చి అయ్యాక నేను, మా ఆయన ఊరికి పోయేవాళ్లం. అన్న ఇంకా క్యాంపు మనిషిలాగే ఉండేవాడు. చీకటితోనే లేచి స్నానం చేసి, బూట్లు వేసుకుని గడప మీద కూర్చునేవాడు. ఎక్కడికీ పోయేది లేదు. తన పళ్లెం తానే కడిగి, తుడిచి, ఎవరికీ అందనంత ఎత్తులో పెట్టేవాడు. మంచం కింద తప్ప ఇంట్లో ఇంకెక్కడా తన సామాను పెట్టలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఒకసారి, "గీడ ఎవరు ఎత్కపోతరు బిడ్డా?" అంది. ఆయన పెట్టెను ఇంకొంచెం లోపలికి తోశాడు.

బిడ్డ సంగతి ఇంకో రకం. తొమ్మిదో తరగతి. ఆయన అక్కడ ఉన్నప్పుడు రోజూ రాత్రి ఫోన్‌లో గంటసేపు మాట్లాడేది. బడిలో జరిగినవి, స్నేహితురాళ్ల గొడవలు, వదినకు కూడా చెప్పనివి చెప్పేది. ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. చదువుకుంటున్నవా అని ఆయన, ఆఁ అని ఆమె. అక్కడితో అయిపోయేది.

ఒక ఆదివారం మేమున్నప్పుడే, అందరం కలిసి తిన్నాక, పిల్ల వెనక అర్రలోకి పోయింది. కాసేపటికి అన్న ఫోన్ మోగింది. చూసుకుని, ఒక్క క్షణం వెనక అర్ర వైపు చూసి, ఎత్తాడు.

"ఆఁ బిడ్డా. తిన్నవా?"

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. లెక్కల సార్ గురించి ఏదో చెప్పినట్టుంది, అన్న నవ్వాడు. వదిన చేతిలో అంట్ల గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. మా ఆయన బయటికి పోయి మోటారు బండి తుడిచాడు.

వానలు పడ్డాక నాట్లు మొదలయ్యాయి. ఇప్పుడు మా వైపు నాట్లకు ఊరి మనుషులు చాలరు. బీహార్ నుంచి గుంపులు గుంపులుగా మగవాళ్లు రైల్లో దిగుతారు. తాడు పట్టుకుని వరసగా, మన ఆడవాళ్ల కంటే వేగంగా నాటుతారు. వాళ్లతో హిందీలో మాట్లాడి పని చేయించే మనిషి కావాలని ఊళ్లో ఒక పటేలు అన్న దగ్గరికి వచ్చాడు. గల్ఫ్ హిందీ అన్నకు బాగా వచ్చు.

"ఏం లేదు తమ్మీ, పొద్దుగాల పొలం సూపెట్టాలె, పొద్దుమీకి పని సూడాలె," అన్నాడు పటేలు.

"వాళ్లు పండేది యాడ?" అని అడిగాడు అన్న.

"పంపు కాడ రేకుల షెడ్డుంది గదా."

"నీళ్లు? దొడ్డికి?"

పటేలు నవ్వాడు. "వాళ్లేమన్న సుట్టాలా?"

అన్న నవ్వలేదు. షెడ్డు చూసి వచ్చి, కింద ప్లాస్టిక్ పట్టాలు పరిపించి, ఒక డ్రమ్ము, ఒక బల్బు పెట్టించాకే స్టేషన్‌కు పోయి గుంపును తెచ్చాడు. ఆ మర్నాటి నుంచి ఆయన బూట్లు వేసుకుని పోవడానికి ఒక చోటు దొరికింది. సంతోషపడ్డాడని చెప్పలేను. గడప మీద మాత్రం కూర్చోలేదు.

ఆ గుంపులో ఒకాయన అసలు బీహార్ మనిషి కాదు, నేపాల్‌వాడు. సరిహద్దుకు అవతల ఊరు, అత్తగారిది ఇవతల. అక్కడ దాటడానికి పాస్‌పోర్టు అక్కర్లేదట, వంతెన మీద నడిచి వస్తారట. బావమరుదులతో కలిసి నాట్లకు వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. క్యాంపులో అన్నతో ఉన్నవాళ్లలో సగంమంది నేపాలీలే కాబట్టి వాళ్ల మాటలు కొన్ని అన్నకు తెలుసు. తిన్నావా అని నేపాలీలో అడిగితే, బురదలో వంగి ఉన్న ఆ మనిషి లేచి నిలబడి మరీ చూశాడట.

పది పదిహేను రోజులు పోయాక అన్న అతన్ని బస్సులో నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"వీనికి రాత్రిపూట దగ్గు. షెడ్డు బయట పోయి దగ్గుతుండు, ఇనబడకుంట," అన్నాడు.

చొక్కా విప్పించి నిలబెట్టాను. గాలి పట్టలేకపోయాడు, మధ్యలోనే దగ్గు వచ్చింది. మూడోసారికి ఫిల్మ్ కుదిరింది. ఇది మానిన మచ్చ కాదు. అన్న నా వెనక నిలబడి చూశాడు. నేను వేలు పెట్టి చూపించక్కర్లేదు.

"నన్ను పంపించేస్తారా?" అని ఆ మనిషి హిందీలో అడిగాడు. నన్ను కాదు, అన్నను.

అన్న అతని చొక్కా తీసి అందించాడు. "ముందు దవాఖానకు పోదాం," అన్నాడు.

సర్కారు దవాఖానలో పేరు రాసేచోట ఆధార్ కార్డు అడిగారు. లేదని చెప్తే, లేకుండా ఎట్లా అన్నారు. అన్న ఏమీ వాదించకుండా అక్కడే నిలబడ్డాడు. చివరికి లోపలి డాక్టరమ్మ బయటికి వచ్చి సంగతి విని, "కార్డు తర్వాత చూద్దాం, ముందు మందు మొదలుపెట్టండి," అంది. తెమడ పరీక్ష అయ్యాక గోలీలు చేతికి ఇచ్చారు.

ఊళ్లో పటేలు మాత్రం గుంపు మొత్తం భయపడుతోందని, ఆ ఒక్కణ్ణి రైలెక్కించమని అన్నాడు. బావమరుదులు కూడా తల వంచుకుని అదే మాట అన్నారు. వాళ్లకు పని పోతుందని భయం. అన్న అతన్ని, అతని మూటను తీసుకుని మా ఇంటికి వచ్చి, కొట్టంలో పాత చెరుకు బండి పక్కన మంచం వేశాడు. గాలి తగిలే చోటు, పిల్ల అటు పోకుండా చూసుకోమని నేను ఫోన్‌లో చెప్పాను.

"ఇంట్ల చిన్నపిల్ల ఉంది," అంది వదిన.

"ఎరికే," అన్నాడు అన్న.

కాసేపయ్యాక వదిన వేరే పళ్లెంలో అన్నం పెట్టి కొట్టం దగ్గరికి తీసుకుపోయిందట. రోజూ పొద్దున అన్న తన ఎదురుగానే గోలీలు మింగించేవాడు. నాట్లు అయిపోయేదాకా ఆ మనిషి అక్కడే ఉన్నాడు. దగ్గు తగ్గింది. ఊరికే ఉండలేక కొట్టం ఊడ్చేవాడు, మా అవ్వకు కట్టెలు కొట్టి పెట్టేవాడు. ఒక ఆదివారం నేను పోయినప్పుడు, మీ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాను. ఇద్దరు కొడుకులని చెప్పాడు. తమ్ముడు మలేషియాలో ఉన్నాడట. తనూ అక్కడికే పోదామనుకున్నాడట. అక్కడా ముందు ఎక్స్‌రే అడుగుతారు. అన్న అది విని అతని వైపు చూసి, మళ్లీ తల తిప్పుకున్నాడు.

గుంపు వెళ్లిపోయే రోజు దవాఖానలో ఒక నెలకు సరిపడా గోలీలు ఇచ్చారు. బీహార్ మనిషైతే వాళ్ల జిల్లాలో మిగతా మందు ఇప్పించే ఏర్పాటు ఉంది. సరిహద్దుకు అవతల ఏం చేయాలో ఇక్కడ ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చి, అక్కడి దవాఖానలో చూపించమంది. స్టేషన్‌లో అన్న ఆ గోలీల కవరును అతని బట్టల మూటలో అడుగున పెట్టి, ఆపవద్దని రెండుసార్లు చెప్పాడు. రైలు వచ్చింది, వాళ్లు ఎక్కారు.

చలికాలంలో యాసంగి నాట్లకు మళ్లీ అదే గుంపు వచ్చింది. ఆ మనిషి లేడు. అతని బావమరుదులను అన్న అడిగితే, నేపాల్‌లోనే ఉన్నాడేమో, పంజాబ్ పోయాడని కూడా విన్నామని అన్నారు. మందులు పూర్తిగా మింగాడా అంటే తెలియదన్నారు. అన్న సరేనని, ఆ రోజు నాటాల్సిన మడి చూపించి, తాడు ఒక కొస తానే పట్టుకున్నాడట.

ఇప్పుడు అన్న కింద మూడు గుంపులు పని చేస్తున్నాయి. మా వైపు ఊళ్లలో పటేళ్లు నెల ముందే వచ్చి ఆయనతో మాట్లాడుకుంటారు. మనుషులు రైలు దిగగానే ఎవరైనా దగ్గుతున్నారేమో చూసి, అనుమానం ఉంటే నేరుగా నా దగ్గరికే తెస్తాడు. నేను తీస్తాను. ఎక్కువమందికి ఏమీ ఉండదు. ఏమీ లేదని చెప్తే వాళ్లు చొక్కా వేసుకుని బయట బెంచీ మీద కూర్చుంటారు. అన్న వాళ్లకు టీ తాగించి రుద్రూర్ బస్సెక్కిస్తాడు. నేను తర్వాతి మనిషిని లోపలికి పిలుస్తాను.