హాజరుపట్టీలో ముప్పై ఒక్కరు

యుద్ధం ముగిశాక మా కొండ ఊరు చులబ్‌లో ముందు లేచింది ఇళ్లు కాదు, బడి. సర్కారు సైనికులు తగలబెట్టగా మిగిలిన నాలుగు గుంజలకే పలకలు కొట్టి, పైన రేకులు వేశారు. ఆ రేకుల్ని కొండ కింది నుంచి వీపున మోసినవాళ్లలో ఎంగ్రాసియా ఒకతె. మొగుణ్ణీ పెద్దకూతుర్నీ ఒకే ఏడాది పోగొట్టుకున్న మనిషి. అక్షరం ముక్క రాదు. అయినా బడి సంఘానికి ఆమెనే పెద్దను చేశారు. ఊళ్లో సర్కారు మనుషులతో బెదరకుండా మాట్లాడే ఆడది ఆమే.

ముప్పైమంది పిల్లలుంటేనే పంతుల్ని పంపుతామంది సర్కారు. ఊరు తగలబెట్టడానికి వచ్చినప్పుడు మాత్రం పిల్లలెంతమందని ఎవరూ అడగలేదు. పట్నం నుంచి వచ్చిన గుమాస్తాను ఎంగ్రాసియా గడపగడపకీ తిప్పింది. "పిల్లలెంతమంది?" అంటే తల్లులు అందరి పేర్లూ చెప్పారు. మావాళ్లలో కన్నతల్లి పోయిన బిడ్డను లెక్కలోంచి తీసెయ్యదు. బతికున్నారా అని గుమాస్తా అడగలేదు. ముప్పై ఒక్కరయ్యారు. ఊళ్లో తిరుగుతున్నది పంతొమ్మిదిమంది.

రొసెండో అనే పంతులు వచ్చాడు, మా భాష వచ్చినవాడే. మొదటిరోజు "కతరీనా" అని పిలిస్తే ఎవరూ పలకలేదు. తలెత్తి చూశాడు.

"నా పెద్దది. అది రాదయ్యా," అంది గుమ్మంలోంచి ఎంగ్రాసియా. "అయినా పిలవండి. పిలుస్తుంటే బాగుంది."

రొసెండోకు సంగతి అర్థమైంది. రెండేళ్లపాటు రోజూ ముప్పై ఒక్క పేర్లూ పిలిచాడు. ఆ వేళకు తల్లులు పనులాపి బడిగోడ పక్కన నిలబడేవాళ్లు.

మూడో ఏడు ఇన్‌స్పెక్టరు దిగాడు. తలలు లెక్కపెట్టాడు, పట్టీ చూశాడు. రొసెండో గబగబా ఎంగ్రాసియా చెవిలో ఊదాడు. "అక్కా, కాఫీ కోతకెళ్లారను. నెలకి తిరిగొస్తారను. ఇంకేం మాట్లాడకు."

నమ్మడానికి ఇన్‌స్పెక్టరు సిద్ధంగానే ఉన్నాడు. ఏటా సగం ఊరు కోతకు కొండ దిగేదే కదా. "మిగతావాళ్లు కోతకెళ్లారా? ఎప్పుడొస్తారమ్మా?"

పిల్లలు పోయిన తల్లులు గోడవతల నిలబడి వింటున్నారు. వాళ్ల ఎదుట ఎంగ్రాసియా, పిల్లలు తిరిగి వస్తారని ఎలా అంటుంది?

"రారయ్యా," అంది. "చెప్తాను, రాసుకోండి. కతరీనా, ఎనిమిదేళ్లు, కొండల్లో దాక్కున్నప్పుడు ఆకలికి పోయింది..."

పన్నెండుమందినీ వరసగా చెప్పింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు. మంచివాడే. కానీ కాగితం మీద పంతొమ్మిదని రాశాడు. సర్కారు కాగితానికి జాలి ఉండదు. వారం తిరక్కుండా రొసెండోను వేరే ఊరికి వేశారు, బడికి తాళం పడింది.

గోడ పక్కన నిలబడిన తల్లుల్లో ఒక్కరూ ఎంగ్రాసియాను తప్పుపట్టలేదు. మిగతా ఊరు నొచ్చుకుంది, ముఖం మీద మాత్రం అనలేదు. అన్నది ఒక్కతే, ఎంగ్రాసియా రెండోకూతురు షీవ్. పదేళ్లది. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం పట్టుబడుతోంది.

పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టెలు తడుతున్న తల్లి ఎదుట కూర్చుని అడిగింది. "అక్క పోయింది. నేనున్నా కదమ్మా. నాకోసం ఒక్క అబద్ధం చెప్పలేకపోయావా?"