రైల్వే సారు లీవు

మొన్న ఖమ్మంలో మా వీధిలో, వానలకు ముందే వేసిన కొత్త సిమెంటు రోడ్డును మిషను పెట్టి కోస్తున్న చప్పుడు వినబడింది. రిటైరైన మనిషికి ఉండే తీరికా, ఉండకూడని పెత్తనమూ రెండూ ఉన్నవాణ్ణి కాబట్టి గేటు దాటి వెళ్లి, నిన్నగాక మొన్న వేసిన రోడ్డును ఎందుకమ్మా కోస్తున్నారని అక్కడ నిలబడ్డ ఇంజనీరు అమ్మాయిని అడిగాను. కేబుల్ వెయ్యడానికట. పాపం విసుక్కోకుండా తన ఫోను నా ముఖం ముందు పెట్టి, మున్సిపాలిటీ అనుమతి ఇదిగో, కరెంటు వాళ్లది ఇదిగో అని వేలితో జరుపుతూ చూపించి, చివర్లో “పట్టాల కింద దాటడానికి వే లీవ్ కూడా వచ్చేసింది అంకుల్” అంది. ఆ ఆఖరి మాట వినగానే నా ముఖం వేడెక్కింది. ఆ అమ్మాయికి ఏం తెలుసు, మిషను నడిపేవాళ్లకు ఏం తెలుసు, అయినా అందరూ నన్నే చూస్తున్నట్టనిపించి ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. కాఫీ తాగినా, పేపరు తిరగేసినా ఆ సిగ్గు దిగలేదు. సర్కారు కొలువుల్లో ఫైళ్లు మోసిన నా ఈడువాళ్లకు చెప్పుకుంటేనన్నా కాస్త తేలికపడుతుందేమోనని ఇది రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లవి. అప్పటికి మా జిల్లా ఇంకా ఒకే ముక్కగా ఉండేది, భద్రాచలం అడవుల దాకా అంతా మా జిల్లానే. మణుగూరు నుంచి బొగ్గు లారీలూ, సారపాక కాగితం మిల్లుకు వెదురూ జామాయిల్ కర్రా మోసే లారీలూ ఎదురెదురుగా వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే, అంత ఇరుకు రోడ్లు. వాటిని వెడల్పు చేస్తున్న రోజుల్లో నేను రోడ్ల శాఖలో ఉండేవాణ్ణి. రోడ్డు పెరగాలంటే దాని పక్కనున్న కరెంటు స్తంభాలూ, నీళ్ల గొట్టాలూ, టెలిఫోను కేబుళ్లూ జరగాలి, రైలు పట్టాలు అడ్డొస్తే వాళ్లనూ అడగాలి. ఈ శాఖలన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చే పని నా నెత్తిన పెట్టారు. కాగితం మీద దాని పేరు సమన్వయం, చేసేది మాత్రం బతిమాలడం.

నెలకోసారి మీటింగు పెట్టేవాళ్లం. నీళ్ల గొట్టం జరిగితే తప్ప స్తంభం పాతలేమని కరెంటు వాళ్లు, టెలిఫోను కేబుల్ ఎటుందో చెబితే తప్ప గొట్టం ముట్టమని నీళ్ల వాళ్లు, రోడ్డు అంచు ఎక్కడొస్తుందో రాళ్లు పాతి చూపించమని టెలిఫోను వాళ్లు, ముందు మా చెట్టు జోలికి రాకండని అటవీ శాఖ వాళ్లు అనేవారు. టెలిఫోను వాళ్లలో ఒక పెద్దమనిషి మరీ సరదా మనిషి, మా కేబుల్ ఎక్కడుందో మాకూ తెలియదండీ, మీరు తవ్వుతూ పొండి, తెగినచోట ఉందని తేలుతుంది అని నవ్వేవాడు. వేడి వేడి మిరపకాయ బజ్జీలు వచ్చేసరికి మాత్రం శాఖలన్నీ ఒక్కటయ్యేవి. కోపతాపాలు ఎన్నున్నా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం, ఆ రోజులంటే నాకిప్పటికీ ఇష్టమే.

ఇక సిగ్గు సంగతి. మా అక్కను కారేపల్లి అవతల, పట్టాలకు అటువైపు అడవి అంచునున్న ఊరికి ఇచ్చారు. సగం ఇళ్లు వ్యవసాయదారులవి, సగం కోయవాళ్లవి. మా బావ పత్తీ మిరపా వేసేవాడు. ఎండాకాలం వస్తే ఆ ఊళ్లో చేదబావులన్నీ ఎండిపోయి, తాగే నీళ్లకు ఆడవాళ్లు పట్టాలు దాటి ఇటు రోడ్డు పక్కనున్న బోరు దగ్గరికి రావలసిందే. ఆ దారిన బొగ్గు గూడ్సులు తిరుగుతాయి. సిగ్నల్ లేక గూడ్సు ఆగిందంటే దాని తోక ఎక్కడుందో కనబడదు, ఎప్పుడు కదులుతుందో తెలియదు. చుట్టూ తిరిగిపోయే ఓపిక ఎవరికుంటుంది! ఒకరు గూడ్సు డబ్బాల సందులోంచి బిందె అందిస్తే అవతల ఒకరు అందుకునేవారు, ఆ తరవాత చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని డబ్బాల కిందనుంచి దూరి వచ్చేవారు. మా అక్కకు అప్పటికే మోకాళ్ల నొప్పులు.

ఆ ఊరికి నీళ్ల గొట్టం మంజూరైంది. ఇటువైపు పట్టాల దాకా గొట్టం వేశారు, అటువైపు ఊరంతా వేసి వీధి వీధికీ నల్లాలు కూడా బిగించారు. మిగిలిందల్లా పట్టాల కిందనుంచి తొయ్యాల్సిన ఆ కాస్త గొట్టం. దానికి రైల్వే వాళ్ల అనుమతి కావాలి. దాన్నే మా ఆఫీసు భాషలో వే లీవ్ అంటారు. సమన్వయం నాదే కాబట్టి ఆ ఫైలూ నా బల్ల మీదికే వచ్చింది. మేం పంపిన డ్రాయింగు లోతు చాలదని ఒకసారి, నీళ్ల గొట్టానికి తొడిగే బయటి గొట్టం మందం చాలదని ఒకసారి, రేపు రెండో లైను వస్తే పొడుగు చాలదని ఇంకోసారి వెనక్కి వచ్చింది. వాళ్లను అనడానికి లేదు, పైన రైళ్లు నడవాలి కదా. ఈలోగా ఊళ్లోవాళ్లు నల్లాలకు మేకల్ని కట్టేసుకోవడం మొదలుపెట్టారు. మా అక్క మాత్రం గంపెడాశతో, మా తమ్ముడు ఆఫీసులనే ఉన్నడు, నీళ్లు తెస్తడని ఊరంతా చెప్పింది. ఆ మాట మీదే ఆమె ఆ ఊళ్లో తలెత్తుకు తిరిగేది.

ఇటువైపు కిరాణా కొట్టు దగ్గర రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోనుండేది. నీళ్లకొచ్చినప్పుడల్లా అక్క దాని దగ్గర నిలబడి నాకు ఫోను చేసేది. వే లీవ్ ఇంకా రాలేదక్కా, అది రాగానే పని మొదలవుతుందని నేను చెప్పేవాణ్ణి. గరగరలాడే ఆ ఫోనులో ఆమెకు వినబడింది వేరు. రైల్వే సారు లీవులో ఉన్నాడు, రాగానే పని మొదలవుతుందని విన్నది, అదే ఊళ్లోకి మోసుకుపోయింది.

ఆ సంగతి నాకు తెలిసింది ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు. అరుగు మీద కూర్చున్న మా బావ పెదనాన్న మంచినీళ్లన్నా తాగనివ్వకుండా అడిగాడు. “ఏమైందయ్యా ఆ సారుకు? గిన్ని నెలల సంది లీవంటే ఉత్త జరమైతే కాదు.”

నాకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వొచ్చింది. అందులో మనిషెవరూ లేరు, అది అనుమతి పేరు, వే అంటే దారి, లీవ్ అంటే ఇక్కడ సెలవు కాదు అని చేతులు తిప్పుతూ వివరించాను. నలుగురూ చేరి మర్యాదగా విన్నారు. అంతా అయ్యాక పెద్దాయన నా భుజం తట్టి, “సమజైందిలే. బయట చెప్పద్దన్నట్టున్నరు. పాపం, ఏ పెద్ద రోగమో” అన్నాడు. లోపల్నుంచి మా అక్క గర్వంగా, “మా తమ్ముడు గంతే మామా, ఆఫీసు ముచ్చట ఇంట్ల సుత చెప్పడు” అంది. నేను ఎంత కాదంటే అంత నిజమైపోయింది. నేను ఊరు దాటేసరికి ఆ లేని సారుకు లివర్ ఖరాబైందని కూడా తేలిపోయింది.

అక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథే. ఆ ఏడు ముత్యాలమ్మకు బోనాలు చేసినప్పుడు నన్నూ రమ్మన్నారు, వెళ్లాను. అమ్మవారి ముందు కోడిని పెట్టి మా అక్క కళ్లు మూసుకుని పైకే మొక్కింది. “పేరు తెల్వదు తల్లీ, రైల్వే సారు. పిల్లలు గలోడో ఏమో. ఆయన పానం మంచిగ చెయ్యి, లీవుల నుంచి జల్దీ రావాలె.” వెనక నిలబడ్డ కోయ ఆడవాళ్లు తమ భాషలో ఏదో అని తలా ఒక కొబ్బరికాయ కొట్టారు. వాళ్లు నీళ్లు ముందడగలేదు, ఆ సారు ఆరోగ్యం ముందడిగారు. ఆ సాయంత్రం అక్క నా విస్తట్లో కోడి కాలు ముక్క ఏరి వేసింది. మా ఫైళ్లలో మూలుగుతున్న ఒక కాగితం కోసం ఆ పేదవాళ్లు కోడిని కోశారని తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

మళ్లీ ఎండలు ముదిరాక, అన్ని శాఖలూ కలిసి ఆ చోటు చూడాలని నిర్ణయమైంది. రైల్వే నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు, కోస్తా మాట, నెరిసిన జుట్టు, మితంగా మాట్లాడే మనిషి. ఆయనా, మా పై అధికారీ, నలుగురైదుగురు ఇంజనీర్లూ పట్టాల పక్కన నడుస్తున్నాం. గూడ్సు ఆగి ఉంది. మా కళ్ల ముందే బిందెలు డబ్బాల సందులోంచి అటు పోతున్నాయి. వాటి వెనక ఒకావిడ మోకాళ్ల మీద వంగి, కంకర మీద చెయ్యి ఆనించి చక్రాల మధ్యకు దూరబోతోంది.

“ఏమ్మా, ప్రాణాలంటే లెక్కలేదా మీకు?” అని రైల్వే అధికారి గట్టిగా అరిచారు. ఎంత చెప్పినా ఈ జనం వినరు సార్ అని మా అధికారి వంతపాడాడు. ఆవిడ వెనక్కి తిరిగింది. మా అక్క. ముఖమంతా చెమట, చీర అంచుకు గ్రీజు. ఆమె నన్ను చూడకుండా ఉంటే బాగుండునని ఆ క్షణాన అనుకున్నాను. నా వెంట వచ్చిన అధికారుల ముందు ఆ గ్రీజు మరకకు సిగ్గుపడ్డాను. ఆమె మాత్రం నన్ను చూడగానే ముఖం విప్పార్చుకుని “తమ్మీ!” అంది. “మా అక్క సార్” అని గొణిగాను.

వచ్చినాయన రైల్వే సారని మా వాళ్లెవరో చెప్పారు. అంతే, మోకాళ్లు దులుపుకుంటూ లేచి ఆయన ఎదుట నిలబడింది. “మీరేనా సారు? ఇప్పుడు పానం మంచిగున్నదా?” ఆయన తెల్లబోయారు. మిగతా ఆడవాళ్లూ చేరారు, చిక్కిపోయారని ఒకరు, లేదు రంగు తేలారని ఒకరు. “ముత్యాలమ్మకు మొక్కినం సారు మీ పేరు మీద. పేరు తెల్వకుంటనే మొక్కినం” అంది అక్క. ఇంజనీర్లలో ఒకరిద్దరు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాపుకుంటున్నారు. రైల్వే అధికారి నా వైపు చూశారు. భూమిలోకి కుంగిపోతున్నట్టుంది నాకు. తల వంచుకుని, వే లీవ్ అన్న మాట ఇలా అయింది సార్ అని నాలుగు ముక్కల్లో చెప్పాను, క్షమించండి, చదువుకోనివాళ్లు అని కూడా అన్నాను.

ఆయన నవ్వుతారని ఎదురుచూశాను. ఆయన నవ్వలేదు. కాసేపు ఆ బిందెల వైపు చూసి, మా అక్కకు చేతులు జోడించి, “బాగుందమ్మా. ఇప్పుడు పూర్తిగా బాగుంది. డ్యూటీలో చేరాను” అన్నారు.

“ఇగ లీవు పెట్టకుండ్రి సారు.”

“పెట్టనమ్మా.”

ఇంకా ఇటే ఉన్న ఒక బిందెలోంచి చెంబుతో ముంచి ఆమె నీళ్లిస్తే నిలబడే తాగారు. ఆమె తోడబుట్టినవాణ్ణి నేను ఆమె అమాయకత్వానికి క్షమాపణలు చెప్పాను, ఎవరో తెలియని ఆయన ఆమె మొక్కును నిలబెట్టారు. ఇన్నేళ్లయినా ఆ తేడా తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతుంది.

ఆ తరవాత అనుమతి వచ్చింది. ఆయన పూనుకోవడం వల్ల వచ్చిందో, మా డ్రాయింగు చివరికి కుదిరి వచ్చిందో నాకు తెలియదు, ఊళ్లో మాత్రం ముత్యాలమ్మ వల్ల వచ్చిందనే అంటారు. పట్టాల కిందనుంచి గొట్టం తోశారు. నల్లాలకు కట్టిన మేకల్ని విప్పి, ఆ నల్లాలకు పసుపు రాసి, నీళ్లు పట్టుకున్నారు. ఆ రోజు నన్ను రమ్మని అక్క రెండుసార్లు ఫోను చేసింది. మీటింగుందని చెప్పాను. మీటింగు లేదు, ఆ ఊళ్లో ముఖం చెల్లదనిపించింది. పండక్కి పిలిస్తే ఆడిటన్నాను, శుభకార్యానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదన్నాను. వెళ్లినా పొద్దున వెళ్లి మధ్యాహ్నానికే బయల్దేరేవాణ్ణి. సిగ్గుతో మొదలైంది అలవాటుగా మారింది, బావ పోయాక ఆ వెళ్లడమూ తగ్గింది.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ నల్లా ఉంది, పట్టాల కింద మనుషులు నడిచే దారి కూడా కట్టారట, డబ్బాల కింద దూరే అవసరం ఎవరికీ లేదు. అనుమతులు ఫోనులోకి వచ్చేస్తున్నాయి, నాలాగా ఆఫీసుల చుట్టూ తిరిగి బతిమాలేవాడి అవసరమూ లేదు. మంచిదే, ఆ మోకాళ్ల నొప్పులు చూసినవాణ్ణి, పాత రోజులే బాగున్నాయని అనలేను. కానీ ఫోనులో కనబడే అనుమతి వెనక ఏ సారున్నాడో, ఆయన ఒంట్లో ఎలా ఉందో అడిగేవాళ్లు ఇక ఉండరు కదా అని మాత్రం దిగులుగా ఉంటుంది.

ఇంతదాకా రాశాక, ఈ సాయంత్రం ఉండబట్టలేక అక్కకు ఫోను చేసి, ఇన్నేళ్ల తరవాత మళ్లీ ఆ మాటకు అర్థం చెప్పాను. ఆ రోజు అందరి ముందు నిన్ను చూసి సిగ్గుపడ్డానక్కా అని కూడా చెప్పాను. ఆమెకిప్పుడు సరిగా వినబడదు, విన్నదో లేదో అనుకున్నాను.

“ఆ సారు లీవుల నుంచి ఎప్పుడో వచ్చిండు గదరా” అంది. “నీ లీవే ఇంక ఒడుస్తలేదు.”

రేపు పొద్దున్నే కారేపల్లి బస్సుంది. బ్యాగులో రెండు జతల బట్టలు సర్దుకున్నాను.