ఒక్క తడికి సరిపడా డీజిల్

1979 ఆగస్టులో నన్ను ఆదోనికి సేల్స్ ఆఫీసరుగా వేశారు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ తాలూకాల్లో మా ఆయిల్ కంపెనీ బంకులన్నీ నా కిందికి వచ్చాయి. హోదా పేరు వింటే పెద్దదే. కంపెనీ నిచ్చెనలో మాత్రం కింది నుంచి ఎక్కేవాడికి ముందుగా కాలికి తగిలే మెట్టు అది. బంకు నడిపే మనిషిని మేము డీలరంటాం. డీలరు తనకు ఇంత సరుకు కావాలని అడగడాన్ని ఇండెంటు అంటాం. అతను ఇండెంటు పెట్టాలి, నేను సంతకం చేసి డిపోకు పంపాలి, డిపో నుంచి ట్యాంకరు లారీ రావాలి. మామూలు రోజుల్లో ఇంతకు మించి పనేమీ ఉండదు.

నేను పుట్టిందే ఆదోని బట్టల బజారులో. మా నాయన అంగడిలో చీర ధర చెప్పడమంటే మాట మొదలుపెట్టడం మాత్రమే. చెప్పిన ధరకే ఎవరైనా కొనుక్కుపోతే ఆ రాత్రి మా నాయనకు నిద్ర పట్టేది కాదు, ఇంకా ఎక్కువ చెప్పి ఉండాల్సిందని. అటువంటి ఇంట్లో పెరిగిన నాకు, బేరమన్నదే లేని సరుకును అమ్మే ఉద్యోగం దొరికింది. డీజిల్ ధర ఢిల్లీలో కట్టేవారు. బయటి దేశం నుంచి ఓడల్లో వచ్చే క్రూడాయిల్ ఒక ధర, మన దేశంలో తీసేది ఒక ధర. అంగట్లో పాత స్టాకు, కొత్త స్టాకు కలిపి సగటు వేసినట్టు రెండింటినీ కలిపి, శుద్ధి ఖర్చు చేర్చి, పన్ను కట్టి, డిపో నుంచి బంకు దాకా లారీ కిరాయి కలిపి ఒక అంకె పంపేవారు. దాన్ని బోర్డు మీద సుద్దముక్కతో రాయించడం వరకే నా ప్రతాపం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాయన, నేను చేసే పనేమిటో ఓపికగా విని, "అయితే నువ్వు అమ్మేవాడివి కాదురా, అప్పజెప్పేవాడివి" అన్నాడు.

నేను వచ్చిన ఏడాదే ఇరాన్ గొడవల వల్ల బయటి క్రూడాయిల్ ధర పెరుగుతూ పోయింది. ఇక్కడ బోర్డు మీద అంకె మాత్రం కదల్లేదు. కదలకపోవడమే ముప్పు అయింది. ఈ రోజో రేపో ధర పెరగక తప్పదని ఆదోని బజారులో టీ కొట్టువాడికి కూడా తెలుసు. జిన్నింగు మిల్లుల వాళ్లు, లారీల వాళ్లు డ్రమ్ములు నింపి గోడౌన్లలో పెట్టుకోసాగారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. పత్తి అయినా పప్పయినా పెరిగే ముందు కొని పెట్టుకోవడమే ఆ బజారు చదివిన చదువు. నేనూ ఆ బడిలోవాణ్ణే.

ఒక ఆదివారం మా చిన్నాన్న ఇంటికొచ్చి, కాఫీ సగం తాగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమిరా, ఎప్పుడు పెరుగుతాదో ఒగ్గ మాట సెప్పు. నేనేం ఊరంతా టముకు ఎయ్యను."

"నాకు తెలీదు చిన్నాన్నా. మాకు కూడా రేడియోలోనే తెలుస్తుంది."

"ఆయిల్ కంపెనీ ఆఫీసరుకు ఆయిల్ రేటు తెల్దంటే నమ్మేంత ఎర్రోని మాదిరి కనపడతాండానా నీకు?" అని మిగిలిన కాఫీ వదిలేసి వెళ్లిపోయాడు. నేను నిజంగానే చెప్పాను. మా వంశంలో నిజం చెప్పి మాట పోగొట్టుకున్న మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను.

మరుసటి సంవత్సరం మే నెలకు పరిస్థితి చెయ్యి దాటింది. మాకు సరుకు పంపే రిఫైనరీకి రావాల్సిన క్రూడాయిల్ ఓడలు ఆలస్యమై, డిపోకు వచ్చే రైలు వ్యాగన్లు తగ్గాయి. నేను నాలుగు ట్యాంకర్లు అడిగితే ఒకటి వచ్చేది. అధికారులు రేషను పెట్టారు. ఇంజను ఉన్న రైతుకు ఒకసారికి పది లీటర్లు, డబ్బా వరుసలో పెట్టినవాడికి పెట్టినట్టు. తర్వాతి ట్యాంకరు వస్తే మళ్లీ పది. వస్తే అన్న మాట ఆ ఉత్తర్వులో లేదు.

ఆ రోజుల్లో ఒక పొద్దున ఎమ్మిగనూరు బంకుకు వెళ్లాను. డీలరు లింగన్న నెమ్మదైన మనిషి. ముందు రోజు వచ్చిన ట్యాంకరు సరుకును నేలకింది ట్యాంకులో డిప్ రాడ్డు దించి చూపించాడు. గీతలు గీసిన ఇత్తడి కడ్డీ అది. ఎంతవరకు తడిసిందో చూసి సరుకెంతో చెబుతాం. ఆ రోజు కడ్డీ అడుగున కొద్దిగానే తడిసింది. బయట బంకు గోడ పొడవునా డబ్బాలు, క్యాన్లు బారు తీరి ఉన్నాయి. మనుషులు మాత్రం వేపచెట్టు నీడన ఉన్నారు. ఎవరి డబ్బా ఎక్కడుందో అందరికీ తెలుసు, జరిపే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ నీడలో ఇద్దరు మనుషులు చేతుల మీద టవలు కప్పుకుని ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మా వైపు ఎద్దుల బేరం అలాగే జరుగుతుంది. టవలు కింద వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ఎమ్మిగనూరు జాతరలో చిన్నప్పటి నుంచి చూసినదే. కానీ చుట్టుపక్కల ఎద్దులు లేవు. కాసేపటికి ఇద్దరిలో ఒకడు, లారీల ఏజెంటు, తల అడ్డంగా ఊపి లేచిపోయాడు. నా చెయ్యి ఊరుకోలేదు. పోయి ఆ ఖాళీలో కూర్చుని టవలు కింద చెయ్యి పెట్టాను.

అవతలి చెయ్యి మోటుగా, పొలుసులు లేచి ఉంది. నా వేళ్లు పట్టి ధర చెప్పింది. డీజిల్‌కు కాదు, వరుసలో డబ్బా పెట్టిన స్థలానికి. బోర్డు మీద రాసిన పది లీటర్ల ధర కంటే ఆ స్థలం ధరే ఎక్కువ. ఢిల్లీ నుంచి నాకు ఎన్నడూ రాని అసలు ధర నా అరచేతిలోకి వచ్చింది. నేనేం చేశానంటే, అలవాటు కొద్దీ ఒక వేలు మడిచాను. బేరం ఆడాను. ఎదుటివాడు టవలు కిందే నా వేలు మళ్లీ నిటారుగా సాగదీశాడు.

ఇంతలో లింగన్న "సార్, సార్" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఎదుటి మనిషి చెయ్యి గుంజుకుని లేవబోయాడు. యాభై దాటిన రైతు, పేరు హనుమంతప్ప, ఊరు చిప్పగిరి అవతల అన్నాడు.

"అంత దూరం నుంచి డీజిల్ కోసం వచ్చి, స్థలం అమ్ముకుంటావా?" అని అడిగాను.

"అమ్మక ఏం చెయ్యమంటావప్పా? ఆలూరులో లేదు, ఆదోనిలో లేదు, ఈడికొస్తిని. నాకుండేది రొండెకరాల బుడ్డలు. ఊడలు దిగినాయి, ఇప్పుడు కాయ ఊరాల. రొండు తడులు పడితే పంట, ఒగ తడి పడితే కసువు. నీవిచ్చే పది లీటర్లు ఒగ తడికే. పది దినాలకు ఇంగో పది ఇస్తావా? ఇస్తానని సెప్పు, ఈ డబ్బా యాడికీ కదల్దు."

బుడ్డలంటే మా వైపు వేరుశనగ, కసువంటే గడ్డి. ఆయన మళ్లీ టవలు పరిచి చెయ్యి చాపాడు. "నోటితో వద్దులే. చెయ్యి పట్టు చాలు."

మా నాయన ఎన్నో చేతులు పట్టాడు. సరుకు సూరత్ నుంచి రావాల్సి ఉన్నా, ఫలానా వారానికి ఇస్తానని చెయ్యి పట్టేవాడు, ఇచ్చేవాడు. నేను చెయ్యి చాపలేకపోయాను. తర్వాతి ట్యాంకరు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు, డిపోకు తెలియదు. ఓడ రేవుకు చేరేదాకా రిఫైనరీకీ తెలియదు. అదే మాట చెప్పాను.

చుట్టూ చేరిన వాళ్లలో ఒకడు అడిగాడు. "బొంబాయి సముద్రంలో మన ఆయిలే పడిందంట కదా సారూ, ఇంగా ఈ కరువేంటికి?"

చెప్పాను. అక్కడ దొరికేది దేశానికంతా చాలదు. పైగా సముద్రంలోంచి తీసింది డీజిల్ కాదు, క్రూడాయిల్. బుడ్డలు మిల్లులో వేస్తే నూనె ఒక్కటే రాదు కదా, చెక్క వస్తుంది, పొట్టు వస్తుంది. క్రూడాయిల్‌ను రిఫైనరీలో కాస్తే పైన గ్యాసు, పెట్రోలు, మధ్యలో కిరసనాయిల్, డీజిల్, అడుగున బాయిలర్ల నూనె, తారు. మాకు డీజిల్ ఒక్కటే కావాలంటే కుదరదు. అందులోనూ కిరసనాయిల్, డీజిల్ గోడ కలిసిన ఇళ్లు. గోడ ఇటు జరిపితే అటువైపు ఇరుకవుతుంది. ఇంటింటి దీపానికీ, పొయ్యికీ కిరసనాయిల్ తప్పదు కాబట్టి గోడ డీజిల్ వైపే జరుగుతోంది.

హనుమంతప్ప విని, "అయితే మా ఇంట్లో బుడ్డి ఎలిగితే మా బాయి మీద ఇంజిను ఆగుతాదన్న మాట" అన్నాడు. పది మంది నవ్వారు. రిఫైనరీ గురించి మా ట్రైనింగులో రెండు రోజులు చెప్పారు గాని, ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు నా బజారు బుర్ర పనిచేసింది. అందరికీ ఒక తడి ఇస్తే అందరి పంటా పోతుంది. సమానంగా పంచుతున్నామని కాగితం మీద ఉంటుంది, పొలంలో మాత్రం అందరికీ సమానంగా కసువే మిగులుతుంది. ఉత్తర్వు మార్చే అధికారం నాకు లేదు. అయితే నింపిన డబ్బా బంకు గోడ దాటాక ఏ బావి దగ్గరికి పోవాలో ఉత్తర్వులో లేదు. లారీ ఏజెంటుకు అమ్మితే నేరం. పక్క పొలంవాడితో కలుపుకుంటే ఎవరి చట్టమూ అడ్డురాదు. ఇద్దరిద్దరు జత కట్టండి, రెండు డబ్బాలూ ఒకే పొలానికి పోనివ్వండి, తడి పడని వాడికి పండినవాడు కాయల్లో భాగం ఇవ్వాలి, భాగమెంతో మీరే తేల్చుకోండి అన్నాను.

హనుమంతప్ప ఊరివాడే మాదన్న వరుసలో ఉన్నాడు. ఇద్దరూ టవలు పరిచారు. నన్ను మధ్యవర్తిగా కూర్చోమన్నారు. ఎవరి పైరు ముదిరింది, ఎవరి బావిలో ఊట ఉంది అన్నది పైకే మాట్లాడుకున్నారు. భాగం మాత్రం వేళ్ల మీద.

"నీ బుడ్డలు నిన్న పుట్టిన పిల్లల మాదిరి ఉండాయి, వాటికి నీళ్లేంటికి, పాలు పొయ్యి" అన్నాడు మాదన్న.

"నీ బాయిలో కప్పలు దాహానికి చస్తాండాయి, ముందు అది చూసుకో" అన్నాడు హనుమంతప్ప.

చివరకు మాదన్న పొలానికే నీళ్లని తేలింది. అతని పైరు పది రోజులు ముందుంది. పండినదాంట్లో మూడోవంతు హనుమంతప్పకు. నా జీవితంలో నేను కుదిర్చిన ఒకే బేరం అది, అదీ దలాలీ లేకుండా. వరుసలో మరికొన్ని జతలు కుదిరాయి, కొన్ని కుదరలేదు. లారీ ఏజెంటు టీ తాగి వచ్చేసరికి కొనడానికి కొద్ది స్థలాలే మిగిలాయి. హనుమంతప్ప తన డబ్బా మాదన్న చేతికిచ్చాడు. ఖాళీ చేతులతో బస్సుకు నడిచిపోయాడు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం రేడియోలో ధర పెంచినట్టు చెప్పారు. మర్నాడు ఆదోనిలో అద్భుతం జరిగింది. అప్పటిదాకా ఎక్కడా లేని డీజిల్ అన్ని చోట్లా ఉంది. మా చిన్నాన్న ముందే కొని దాచిన రెండు డ్రమ్ములు చూపించి తన తెలివి గురించి వీధంతా చెప్పుకున్నాడు. మిల్లుల వాళ్లు గోడౌన్లు తెరిచి దాచిన సరుకు వాడుకోసాగారు, బంకుల దగ్గర వరుస కరిగిపోయింది. ఆ వారంలోనే ఓడల సరుకు రిఫైనరీకి చేరి, నాకు అడిగినన్ని ట్యాంకర్లు వచ్చాయి. కొత్త ధర చూసి తిట్టనివాడు లేడు. క్యాను ఖాళీగా వెనక్కి తీసుకుపోయినవాడూ లేడు.

నెలాఖరులో పని మీద చిప్పగిరి వైపు వెళ్లి హనుమంతప్ప పొలం అడిగి తెలుసుకున్నాను. మాదన్న బుడ్డలు పీకి కుప్ప వేశారు. కాయ బాగానే ఊరింది. పక్కన హనుమంతప్ప చేను దుక్కి దున్ని ఉంది. ధర పెరగడానికి వారం ముందే, వాడిపోతున్న పైరు పీకి ఎద్దులకు వేశాడట. ఇంకొక్క వారం ఆగి ఉంటే బంకులో అడిగినంత డీజిల్ దొరికేది. ఆగితే పైరు నిలిచేదో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

నన్ను చూసి నాగలి ఆపి గట్టు మీదికొచ్చాడు. కోపం లేదు, మర్యాదా ఎక్కువ లేదు.

"ఆ పొద్దే ఈ రేటు పెట్టింటే నేను తిట్టుకుంటా కొనేవాణ్ణి. రొండు తడులూ పడుతుండె. తక్కువ రేటని బోర్డు రాసి, సరుకు లేదంటిరి. ఎవురికప్పా లాభం అది?"

"మీ మేలు కోసమే పెంచకుండా ఆపారు" అన్నాను. అది కంపెనీ నేర్పిన జవాబు.

"మేలు ఈడ దున్నినాను, చూసుకో" అని నాగలి వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పదిహేనేళ్లు అదే కంపెనీలో, వేరే వేరే జిల్లాల్లో పనిచేశాను. ధరలు పెరిగినప్పుడు తిట్లు తినడం, పెరగనప్పుడు కొరతకు సంజాయిషీ చెప్పడం రెండూ వంతులవారీగా చేశాను. ఎమ్మిగనూరు నాకు నేర్పింది ఒకటే. బయట క్రూడాయిల్ ఖర్చు పెరిగినప్పుడు ఇక్కడ ధర ఆపినంత మాత్రాన ఆ ఖర్చు ఆగదు. గోడౌను ఉన్నవాణ్ణి తప్పుకుని, ఆగలేని పైరు ఉన్నవాడి దగ్గర వసూలవుతుంది. ఇంధనం ధర నిలకడగా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ నిలకడ ఖర్చు ఎవరి చేను మీద పడిందని అడిగాకే నేను తలాడించేది.