వాపు తగ్గిన తరువాత

పత్తిచేలకు పురుగుమందు కొట్టి బతికే జక్రయ్యకు, ఏ మొక్క పక్కగా నడిచినా దాని ఆకు తిప్పి చూడడం అలవాటు. చూపుడువేలితో ఆకు అంచును కాస్త ఎత్తి, వెనుకవైపు ఒక్క చూపు చూసి వదిలేవాడు. ఈ అలవాటు ఎంతగా ముదిరిందంటే, ఆదివారం ప్రార్థన ముగించుకొని ఇంటికి వచ్చే దారిలో ఎవరి పెరటి బెండమొక్క కనిపించినా చెయ్యి దానంతట అదే అటు వెళ్ళేది. "ఆదివారం కూడా పురుగులేనా? దేవుడికి సెలవుందిగాని నీకు లేదా?" అని భార్య ఎలీసమ్మ ఎగతాళి చేసేది.

సత్తెనపల్లిలో బస్సు దిగి పొలాల గట్ల వెంట నడిస్తే వచ్చే పల్లె వాళ్ళది. జ్ఞానస్నానమప్పుడు పాస్టరుగారు పలికిన పేరు మరికాస్త పొడుగైనదే గాని, ఏటి అడుగున రాయి నునుపెక్కినట్లు పల్లెవారి నోళ్ళలో ఒరుసుకొని అది జక్రయ్యగా స్థిరపడింది. పేరులో పోయిన అక్షరాలకు అతడెన్నడూ విచారించలేదు. మందు కొట్టడంలో మాత్రం ఒక్క మొక్క తప్పిపోయినా ఊరుకొనేవాడు కాడు. ముక్కుకు తువ్వాలు బిగించి, వీపున డబ్బా మోస్తూ, గాలికి ఎదురు పోకుండా చాలు వెంట చాలు నడిచేవాడు. ఎలీసమ్మ వాగు నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి గట్టుమీది డ్రమ్ములో పోసేది. సాయంకాలానికి అతడికి తల దిమ్ముగా ఉండేది, కడుపులో తిప్పేది. మజ్జిగ తాగి పడుకొనేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా ఆ వాసన ఒంటిని వదలదు. అందుకే ప్రార్థన గుడిలో అందరికన్నా వెనుక, తలుపు పక్కన, గాలి బయటికి పోయేచోట కూర్చొనేవాడు. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు. ఒకరు చెప్పక ముందే ఒదిగి ఉండడం అతడి స్వభావం.

ఆ సంవత్సరం పత్తిని తెల్లదోమ పట్టింది. నిజానికి అది దోమ కాదు. పేరు పెట్టినవారు దాని రంగుకు ఇచ్చిన గౌరవం జాతికి ఇవ్వలేదు. ఆకు కదిపితే పిండి చల్లినట్లు లేచేది, మళ్ళీ వచ్చి ఆకు అడుగునే వాలేది. ఆకులన్నీ జిగురై, ఆ జిగురు మీద మసి పట్టి, చేలు చూడబోతే ఎవరో పొగబెట్టినట్లుండేవి. రైతులు కొట్టిన మందే కొట్టించారు. లొంగకపోతే రెండు కలిపి కొట్టించారు. ఆపైన వాసన ఘాటుగా ఉన్నదాన్నల్లా తెచ్చి కొట్టించారు. మందు పెరిగినకొద్దీ దోమా పెరిగింది. చివరికి వ్యవసాయాధికారి ఒకాయన జీపులో వచ్చి, పేరయ్య అనే ఆసామి చేని గట్టుమీద నిలబడి రైతులను చీవాట్లు పెట్టాడు.

"పురుగు కనబడనప్పుడు ఎందుకు కొట్టారయ్యా? మేలు చేసే పురుగులను చంపుకున్నారు. చావని దోమకు మందు అలవాటు చేశారు. ఇక మీదట కంటికి కనబడితేనే కొట్టండి. లేకపోతే డబ్బా దించండి."

"విన్నావురా జక్రయ్యా? దోమకు మందు అలవాటు చేసింది నువ్వేనంట!" అన్నాడు పేరయ్య.

"కొట్టమంది తమరేగా అండీ?" అన్నాడు జక్రయ్య. గట్టు మీదున్నవాళ్ళందరూ నవ్వారు. జక్రయ్య నవ్వలేదు. ఇన్నేళ్ళుగా తాను శ్రద్ధగా చేసిన పనే చేనుకు చేటు చేసిందన్న మాట అతడి మనసులో ముల్లులా దిగబడి, అక్కడే ఉండిపోయింది.

అటు తరువాత కొన్నాళ్ళకే పత్తి తీతకు వెళ్ళిన ఎలీసమ్మ పిక్కలో విరిగిన పత్తికట్టె మోడు గుచ్చుకుంది. ఆమె దాన్ని పీకి పారేసి, పసుపు అద్ది, పాతగుడ్డ చుట్టి, మళ్ళీ చేలో దిగింది. పసుపును తక్కువ చేయడం తగదు. ఎన్ని గాయాలను అది మాన్పిందో మన వంటిళ్ళకు తెలుసు. కాని ఈ గాయం దాని మాట వినలేదు. పిక్క ఎర్రబడి, నున్నగా మెరుస్తూ వాచింది. గజ్జల్లో బిళ్ళ కట్టింది. చలిజ్వరంతో ఆమె పళ్ళు కొట్టుకోసాగాయి. జక్రయ్య ఆమెను సత్తెనపల్లి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ కాలు చూసి మొగం చిట్లించింది.

"పసుపు పెట్టి మళ్ళీ చేలోకి వెళ్ళావు, అంతేనా?"

"తీతకు వస్తానని మాటిచ్చానండీ," అంది ఎలీసమ్మ.

"కాలుకు కూడా ఒక మాట ఇవ్వాల్సింది. పెన్సిలిన్ సూది ఎప్పుడైనా వేయించుకున్నావా? దద్దుర్లు గాని ఆయాసం గాని వచ్చాయా?"

"ఏయించుకున్నానండీ. ఏం రాలేదు."

"మంచిది. ఇప్పుడు రాస్తున్నది దానికి పినతల్లి బిడ్డలాంటిది. అది పడనివాళ్ళకు ఇదీ పడకపోవచ్చు, అందుకని అడిగాను." ఆమె జక్రయ్య వైపు తిరిగింది. "సెఫలెక్సిన్. పూట తప్పకుండా వెయ్యి. రెండు మూడు రోజుల్లో వాపు తీస్తుంది. తీసింది కదా అని మానిపించొద్దు, ఇచ్చినవన్నీ అయిపోవాలి. మధ్యలో మానితే చావకుండా మిగిలిన క్రిములు మళ్ళీ లేస్తాయి. అప్పుడు ఇదే మందుకు లొంగకపోవచ్చు. విషం రక్తంలోకి ఎక్కిందంటే గుంటూరు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. కాలికే మోసం రావచ్చు, ప్రాణానికీ రావచ్చు. తెలిసిందా?"

తెలిసిందన్నట్లు జక్రయ్య తల ఊపాడు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు తల ఊపడం మర్యాద.

మందుల షాపు ఖాదర్ వలి క్యాప్సూళ్ళ అట్టలు తీసి ఇస్తుంటే, ఎలీసమ్మ బల్ల మీద కూర్చొని గొణిగింది. "సూది ఏయకుండా పంపిందేందయ్యా? గొట్టం బిళ్ళలతో తగ్గుద్దా ఇంత వాపు?"

"సూదికన్నా ఇదే నయం చెల్లెమ్మా," అన్నాడు ఖాదర్ వలి. "సూదైతే నువ్వు దాని దగ్గరికి రావాలి. ఇదైతే నీ వెంబడే వస్తది."

డాక్టరమ్మ చెప్పినట్లే జ్వరం దిగింది, వాపు తీసింది. జక్రయ్య రోజూ భార్య కాలును వెలుతురుకు తిప్పి, వేలితో నొక్కి చూసేవాడు. ఎరుపు తగ్గి, చర్మం ముడతలు పడి, పొట్టు రాలుతున్నది. ఎలీసమ్మ కుంటకుండా పొయ్యి దాకా నడిచింది. అట్టల్లో ఇంకా చాలా గొట్టాలు మిగిలి ఉన్నాయి. అప్పుడు మొదలైంది అతడికి తికమక.

రెండింటినీ మందు అనే అంటారు గనుక పడిన తికమక కాదది. పురుగుకు కొట్టేదీ మనిషి మింగేదీ ఒకటి కావని అతడి కన్న బాగా ఎరిగినవాడు ఆ పల్లెలో లేడు. ఒకదాన్ని పొరపాటున పీలిస్తేనే ఏమవుతుందో అతడి కడుపుకు తెలుసు. అతడిని తిప్పలు పెట్టింది వేరు. చదువుకున్న ఇద్దరు, ఇద్దరూ సర్కారు జీతగాళ్ళు, ఒకే మాటను తలకిందులు చేసి చెప్పారు. ఎక్కువ కొడితే చావని పురుగు ముదురుతుందని ఆయన. తక్కువ వేస్తే చావని పురుగు ముదురుతుందని ఈమె. ఆయన మాట నిజమని చేలో తన కళ్ళతో చూశాడు. ఈమె మాటను చూడడానికి ఆకు లేదు, తిప్పడానికి అంచు లేదు. పైగా ఆ గొట్టాలు మింగినప్పటి నుంచి ఎలీసమ్మకు కడుపు కదిలి కాస్త విరేచనాలవుతున్నాయి. చేలో మేలు చేసే పురుగులు చచ్చినట్లు, ఆమె ఒంట్లో ఏ మేలు చచ్చిపోతున్నదో ఎవరికి తెలుసు?

ఒకనాటి పొద్దున అతడు మిగిలిన అట్టలను చూరులో దోపాడు.

"అదేందయ్యా, అన్నీ మింగమందిగా డాక్టరమ్మ?"

"వాపుందా? లేదు. జ్వరముందా? లేదు. పురుగు పోయినాక కొట్టే మందు చేనుకు చేటని ఆపీసరు చెప్పలా?"

"నేను చేనునా?"

"చేనైతే ఆసామిదే. నువ్వు నాదానివి. అందుకే నాకింత బెంగ."

ఎలీసమ్మ నవ్వింది. ఆ నవ్వుకు మందు మానిన సంగతి కూడా తేలికైపోయింది.

కాని కాలు ఊరుకోలేదు. వారం తిరగకముందే పిక్కలో మళ్ళీ సలుపు పుట్టింది. ఈసారి వాపు గట్టిపడి, నడుమ మెత్తగా ఒక ముద్దలా లేచింది. అడుగు కింద పెట్టలేక ఆమె గోడ పట్టుకొని ఏడ్చింది. జక్రయ్య చూరులోని అట్టలు తీసి చేత పట్టుకొని నిలబడిపోయాడు. ఇవి ఇప్పుడు వేస్తే పనిచేస్తాయా? లొంగకపోవచ్చని డాక్టరమ్మ అన్నది ఇందుకేనా? వేయకపోతే ఏమవుతుంది? ఏమీ తోచక పేరయ్య ఇంటికి పోయాడు.

"ఒకటి లొంగకపోతే రెండు కలపడమేగా!" అన్నాడు పేరయ్య. "ఆ గొట్టాలకు తోడు మన ఊరి వైద్యుడి బిళ్ళలు కూడా ఏసెయ్. చేలో చేసేది అదేగా మనం?"

"చేలో అట్టా చేస్తే ఏమైందో చూశాంగా అండీ."

పేరయ్య లేచి తన కొట్టం వైపు చెయ్యి చూపించాడు. "నిజమేరా. నా తెలివి నా చేనుకే పనికిరాలా. బండి కట్టుకొని పో."

డాక్టరమ్మ ఎదుట జక్రయ్య ఏదీ దాచలేదు. వ్యవసాయాధికారి చెప్పినదీ, తాను చూరులో దోపినదీ అన్నీ చెప్పాడు. ఆమె కోపంతో ఎర్రబడింది. "మీకు చెప్పడం కన్నా ఆ గోడకు చెప్పడం నయం!" అంటూనే, కాలికి తిమ్మిరెక్కించే సూది వేసి, వాపును కోసింది. చీము కారింది. దాని వెనుకనే, పట్టుకారుకు తగిలి, నల్లటి పత్తిపుల్ల ముక్క ఒకటి బయటికి వచ్చింది. ఆమె దాన్ని పళ్ళెంలో వేసి, వెలుతురుకు జరిపి చూసింది. ఆమె మొగంలోని కోపం ఎటో పోయింది.

"ఇది లోపలుండబట్టి తిరగబెట్టిందా అమ్మా, నేను మానిపించబట్టా?" అన్నాడు జక్రయ్య.

"రెండూ కావచ్చు. ఒకటే కావచ్చు. నాకూ తెలియదు. మొదటిసారే నేను ఇంకాస్త వెతకవలసింది."

"మరి ఆపీసరుగారు చెప్పింది అబద్ధమాండీ?"

"అబద్ధం కాదయ్యా. చేను సంగతి ఆయన చెప్పాడు, మనిషి సంగతి నేను చెప్పాను. పురుగు నీ కంటికి కనబడుతుంది. క్రిమి కనబడదు. వాపు పోయినంత మాత్రాన క్రిమి పోయినట్లు కాదు."

"కనబడందైతే, పోయిందని ఎట్టా తెలుసుద్దండీ?"

"మనకు తెలియదు. చాలామందికి వేసి చూసి, ఇన్నాళ్ళు వేస్తే చాలునని పెట్టుకున్న లెక్క అది. దాన్ని నమ్మి వెయ్యడమే."

"ఈసారి కూడా ఆ గొట్టాలేనా?"

"అవే. చీము పోయింది, పుల్ల పోయింది. లొంగుతుందనే అనుకుంటున్నాను. రేపు మళ్ళీ తీసుకురా. జ్వరం పెరిగితే ఆ క్షణమే గుంటూరు పొండి."

అనుకుంటున్నాను అన్న మాటను జక్రయ్య బండిలో దారి పొడవునా నెమరువేసుకున్నాడు. తెలుసు అనే మాటకూ దానికీ ఎంత దూరమో కొలవబోయి, కొలవలేక, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఎలీసమ్మ మాత్రం గడ్డి మీద తల వాల్చి నిద్రపోయింది.

జ్వరం పెరగలేదు. కట్టు మార్చినప్పుడల్లా గాయం కాస్త కాస్త పూడుతూ వచ్చింది. మళ్ళీ వాపు తీసింది, మళ్ళీ ఎరుపు పోయింది, మళ్ళీ అట్టల్లో గొట్టాలు మిగిలాయి. మళ్ళీ ఆమెకు కడుపు కదిలింది. జక్రయ్య మంచం పక్కన నిలబడి అట్టను అటూ ఇటూ తిప్పుతున్నాడు. వెయ్యాలని ఉంది, వెయ్యడానికి భయంగా ఉంది.

"ఇటియ్యి," అంది ఎలీసమ్మ.

"ఉండవే. నాకింకా అర్థం కాలా ఈ సంగతి."

"నీకు అర్థమయ్యేదాకా నా కాలు ఆగుద్దా?"

ఆమె అతడి చేతిలోంచి అట్ట లాక్కొని, గొట్టం నొక్కి తీసి నోట్లో వేసుకొంది. అతడు గబగబా చెంబుతో నీళ్ళు అందించాడు. ఆనాటి నుంచి అట్టలు ఆమె తలగడ కిందనే ఉన్నాయి. చిట్టచివరి గొట్టం దాకా ఆమె వాటిని అతడికి ఇవ్వలేదు.

మిరపకోతలు మొదలయ్యేసరికి ఎలీసమ్మ మిగిలిన ఆడవాళ్ళతో సమంగా చాలు పట్టింది. పిక్క మీద గుంటపడిన మచ్చ ఒకటి మిగిలింది. ఏ మందుకు తగ్గిందని కోతకు వచ్చినవాళ్ళు అడిగితే, గట్టు మీద నిలబడిన జక్రయ్య పక్కనున్న మిరపాకును తిప్పి చూసి వదిలాడు.

"ఎందుకు తిరగబెట్టిందో, దేంతో తగ్గిందో నన్నడగమాకండి," అన్నాడు. "కాలైతే ఉంది. అదుగో, నడుస్తా ఉంది."